రాజా దీన్ దయాళ్ – ముఖం, పేరు, నెంబరు

రాజా దీన్ దయాళ్ పేరు వినని వాళ్ళు మనలో ఉండవచ్చు గాని, ఆయన స్టూడియో తీసిన ఫొటో ఒక్కటైనా చూడని వాళ్ళు తక్కువ. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ వేటకు వెళ్ళిన చిత్రాలు, చౌమహల్లా, ఫలక్‌నుమా ప్యాలెస్‌ల పాత చిత్రాలు, కత్తి పట్టుకుని కుర్చీలో బిగదీసుకు కూర్చున్న హైదరాబాదు అమీర్ల చిత్రాలు పుస్తకాల్లో, మ్యూజియం గోడల మీద, క్యాలెండర్ల మీద కనిపిస్తూనే ఉంటాయి. వాటిలో ఎన్నో ఆయన కెమెరా నుంచి వచ్చినవే. 1905లో కన్నుమూసిన ఆ మనిషి జీవితాన్ని ఈ సంచికలో ఇప్పుడు ఎత్తుకోవడానికి ఒక కారణం ఉంది. అది చెప్పి ముందుకు పోతాను.

నేను చదివేది కంప్యూటర్ సైన్సు, చరిత్ర కాదు. మాది రామకృష్ణాపూర్. మా తాత బాయిలో కోల్ ఫిల్లర్. రెండేళ్ళుగా వేసవి సెలవుల్లో మేము కొందరం మిత్రులం కాలనీలో ఇల్లిల్లూ తిరిగి పాత ఫొటోలు అడిగి తెచ్చి, స్కాన్ చేసి, మళ్ళీ భద్రంగా తిరిగి ఇస్తున్నాము. రిటైర్మెంటు నాటి పూలదండల ఫొటోలు, గేట్ మీటింగుల ఫొటోలు, బతుకమ్మ ఫొటోలు, కొత్తగా పెండ్లయిన జంట స్టూడియోలో రంగుల తెర ముందు బిక్కమొహాలతో నిలబడ్డ ఫొటోలు. ఇవన్నీ కంప్యూటర్లో చేరాక అసలు పని మొదలయింది. ముఖాలను గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ ఒకటి పెట్టుకున్నాము. అది ఫొటోలో దొరికిన ప్రతి ముఖం చుట్టూ ఒక చట్రం గీసి, ఈయన ఫలానా మనిషేనా అని అడుగుతుంది. అవునని నొక్కితే పేరు తగిలిస్తుంది. ఆ పేరు నిజంగా ఆ మనిషిదేనా, ఇవాళ సరిగా ఉన్న పేరు ఇరవై ఏళ్ళ తరువాత కూడా సరిగానే ఉంటుందా అన్నది మమ్మల్ని పట్టుకున్న సమస్య. ఫొటోలో ఉన్నవాళ్ళు చాలామంది పోయారు. ఉన్న ఒక్క ఫొటో కింద పేరు తప్పు పడితే సరిచేసుకోవడానికి ఆ మనిషి లేచి రాడు గదా. ఇదే పనిని నూరేళ్ళకు ముందు గాజు పలకల మీద చేసినవాళ్ళు ఎలా చేశారో తెలుసుకుందామని వెదుకుతూ దీన్ దయాళ్ దగ్గరికి చేరాను.

ఆయన 1844లో మీరట్ దగ్గరి సర్ధనా అనే ఊళ్ళో ఒక జైన కుటుంబంలో పుట్టారు. రూర్కీలో అప్పట్లో థామసన్ ఇంజనీరింగ్ కళాశాల అని పిలిచిన విద్యాసంస్థలో, అంటే నేటి ఐఐటీ రూర్కీలో, చదువుకున్నారు. 1866లో ఇందోర్‌లో పబ్లిక్ వర్క్స్ శాఖలో హెడ్ ఎస్టిమేటర్‌గా, డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరారు. ఆయన గురించి రాసేవాళ్ళు ఈ ఉద్యోగాన్ని ఒక్క వాక్యంలో దాటేసి రాజుల దర్బారుల్లోకి పరుగు తీస్తారు. నాకు మాత్రం ఇక్కడే కాసేపు నిలబడాలనిపిస్తుంది. ఇంజనీరింగ్ చదివే మన మిత్రులకు నేను చెప్పనక్కరలేదు, నక్షా ఎంత అందంగా గీసినా దాని మూలన నెంబరు, తేదీ, స్కేలు లేకపోతే అది బొమ్మే గాని నక్షా కాదు. ఆఫీసులో చెల్లదు. ఎస్టిమేటు కూడా అంతే, ఏ పనికి ఏ లెక్కో తెలియకపోతే చిత్తుకాగితం. ఎనిమిదేళ్ళు ఆ క్రమశిక్షణలో నలిగిన చెయ్యి 1874లో కెమెరా పట్టుకుంది. తక్కిన ఫొటోగ్రాఫర్లకూ ఆయనకూ ఉన్న తేడాకు ఇదే మూలమని నా నమ్మకం.

అప్పుడు ఫొటో తీయడమంటే ఇవాళ మనం జేబులోంచి ఫోను తీసినట్టు కాదు. గాజు పలక మీద కొలోడియన్ అనే జిగురు ద్రావణం పోసి సమానంగా పరిచి, సిల్వర్ నైట్రేటులో ముంచి, అది తడి ఆరకముందే కెమెరాలో పెట్టి ఫొటో తీసి, తడి ఆరకముందే చీకటి గుడారంలో కడగాలి. మొత్తం వ్యవహారం పది పదిహేను నిమిషాల్లో ముగియాలి. ఎండాకాలం మన దక్షిణాపథంలో ఆ తడి ఎంతసేపు నిలుస్తుందో ఊహించుకోండి. గుడారం, రసాయనాల సీసాలు, నీళ్ళు, గాజు పలకల పెట్టెలు ఎడ్లబండి మీద వెంట రావాలి. తరువాత 1880ల్లో ముందుగానే తయారుచేసి పెట్టుకునే పొడి పలకలు వచ్చి కష్టం కొంత తగ్గింది. నెగెటివ్ నుంచి ప్రింటు తీసే కాగితానికి కోడిగుడ్డు తెల్లసొన పూత ఉండేది. ఆ పాత ఫొటోల గోధుమరంగు నిగనిగ అంతా ఆ తెల్లసొన చలవే.

ఇందోర్ మహారాజు రెండవ తుకోజీరావు హోల్కర్ ఆయన్ని మొదట చేరదీశారు. ఆయన ద్వారా మధ్య భారతంలో గవర్నర్ జనరల్ ఏజెంటుగా ఉన్న సర్ హెన్రీ డేలీ పరిచయమయ్యారు. 1875–76లో వేల్స్ యువరాజు భారతదేశానికి వచ్చినప్పుడు ఆ పర్యటనను ఫొటోలు తీసే అవకాశం దొరికింది. డేలీ తరువాత వచ్చిన సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట బుందేల్‌ఖండ్ ప్రాంతమంతా తిరిగి కోటలను, గుడులను తీశారు. ఆ చిత్రాలే 1886లో మధ్య భారతపు ప్రసిద్ధ కట్టడాల పుస్తకంగా వెలువడ్డాయి. 1885లో వైస్రాయికి ఫొటోగ్రాఫర్‌గా నియమించారు. ఉద్యోగం వదిలి పూర్తిగా ఫొటోగ్రఫీనే వృత్తిగా చేసుకున్న మనిషికి నలభై ఏళ్ళు దాటాయి.

ఆ రోజుల్లోనే ఆయన హైదరాబాదు రాజ్యానికి వచ్చారు. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయ్యారు. సికింద్రాబాదులో 1886లో స్టూడియో తెరిచారు. ఇక్కడ ఒక చిన్న సంగతి, మన బొగ్గు ప్రాంతం వాడిని కాబట్టి చెప్పకుండా ఉండలేను. ఇల్లందు బొగ్గును తవ్వడానికి హైదరాబాద్ దక్కన్ కంపెనీ లండన్‌లో పుట్టింది కూడా 1886లోనే. బొగ్గు తవ్వకం 1889లో మొదలయింది. ఆ కంపెనీయే 1920లో సింగరేణి కాలరీస్ అయింది. ఒకే రాజ్యంలో, ఒకే ఏడాది, ఒకరు రాజ్యంలోని ముఖాలను గాజు మీదికి ఎక్కించే పనికి, ఇంకొకరు భూమి కింది నల్ల బంగారాన్ని పైకి ఎక్కించే పనికి పూనుకున్నారన్న మాట. ఆ రెండు పనులకూ ఏ సంబంధమూ లేదు. ఉన్నదల్లా మా లైబ్రరీలో కూర్చున్న నాలాంటి వాడి మనసులోనే.

సరే, అసలు విషయానికి వస్తాను. దీన్ దయాళ్ ఫొటోలను జాగ్రత్తగా చూడండి. చాలావాటి అడుగు అంచున చిన్న అక్షరాల్లో ఒక నెంబరు, స్థలం పేరో మనిషి పేరో, పక్కన ఆయన పేరు కనిపిస్తాయి. ఇవి ప్రింటు అయ్యాక కాగితం మీద రాసినవి కావు. నెగెటివ్ మీదనే రాసినవి. గాజు పలకకు మందు పూసిన వైపు నుంచి చూస్తే బొమ్మ ఎడమ కుడులు తారుమారై ఉంటుంది. ఆ వైపు రాయాలంటే అక్షరాలను అద్దంలో కనిపించినట్టు తిరగేసి రాయాలి. సిరాతో రాస్తే ఆ చోట వెలుతురు ఆగి ప్రింటులో తెల్లగా వస్తుంది, సూదితో గీరితే నల్లగా వస్తుంది. ఇంత తంటాలు పడి రాసింది ఎందుకు? కాగితం మీద రాసిన పేరు ఆ ఒక్క కాగితంతోనే ఉంటుంది. పలక మీద రాసిన నెంబరు ఆ పలక నుంచి తీసిన ప్రతి ప్రింటుతోనూ వెళ్ళుతుంది. నిజాం ఆల్బంలోకి వెళ్ళినా, లండన్‌కు వెళ్ళినా, పాత సామాన్ల అంగట్లోకి వెళ్ళినా నెంబరు బొమ్మను విడవదు. నెంబరు ఉందంటే దానికి వెనక ఒక పుస్తకం ఉంటుంది, పుస్తకం రాసే గుమాస్తా ఉంటాడు.

మా కంప్యూటర్ల లోకంలో ఈ తేడా తెలియక ఎంత నష్టం జరిగిందో చెప్పాలి. గూగుల్ సంస్థ ఉచితంగా ఇచ్చిన పికాసా అనే ఫొటో సాఫ్ట్‌వేర్‌లో ముఖాలకు పేర్లు పెట్టే సదుపాయం 2009లో వచ్చింది. లక్షలాది జనం కూర్చుని ఓపికగా పేర్లు పెట్టుకున్నారు. 2016లో పికాసాను ఆపేశారు. ఫొటోలోనే పేరు రాసి దాచమని అందులో ఒక ఏర్పాటు ఉండేది. దాన్ని వాడుకున్నవాళ్ళ పేర్లు ఫొటో ఫైలు లోపలే నిలిచాయి, వేరే సాఫ్ట్‌వేర్‌కు మారినా చదువుకోవచ్చు. వాడుకోని వాళ్ళ పేర్లు పక్కన వేరే ఫైళ్ళలో ఉండిపోయాయి, కంప్యూటరు మార్చినప్పుడు ఫొటోలు మాత్రమే వెంట వచ్చాయి. పలక మీద రాయడం, కాగితం మీద రాయడం మధ్య తేడా ఇదే. మా లైబ్రరీలో మొదట పెట్టుకున్న నియమం అందుకే ఇది: పేరు, ముఖం చుట్టూ చట్రం, మా నెంబరు, మూడూ ఫొటో ఫైలు లోపల రాయాలి, విడిగా పట్టికలోనూ ఉండాలి.

బాయిలో పనిచేసినవాళ్ళ పిల్లలకు నెంబరు మహిమ కొత్త కాదు. ల్యాంప్ రూంలో ప్రతి టోపీ దీపానికి నెంబరు. ఏ దీపం ఏ మనిషి తీసుకుపోయాడో పుస్తకంలో ఉంటుంది. షిఫ్టు ముగిశాక దీపం కొక్కానికి తిరిగి రాలేదంటే మనిషి పైకి రాలేదని అర్థం. షిఫ్టు దిగివచ్చిన వాళ్ళ ముఖాలు మీరు చూశారో లేదో, బొగ్గుదుమ్ములో కళ్ళు, పళ్ళు తప్ప ఏమీ కనిపించవు. సొంత కొడుకు కూడా నడకను బట్టి పోల్చుకోవలసిందే. అక్కడ ముఖాన్ని నమ్ముకుని లెక్క చూడరు.

మన సాఫ్ట్‌వేర్ నమ్ముకునేది మాత్రం ముఖాన్నే. అది ముఖాన్ని మనం చూసినట్టు చూడదు. కొన్ని సంఖ్యల వరుసగా మార్చుకుంటుంది. 2015లో గూగుల్ పరిశోధకులు ప్రకటించిన ఫేస్‌నెట్ పద్ధతిలో ఒక్కొక్క ముఖానికి 128 సంఖ్యలు. రెండు ముఖాల సంఖ్యల మధ్య దూరం తక్కువైతే ఒకే మనిషి, ఎక్కువైతే వేరే మనిషి. ముఖాన్ని కొలతలుగా మార్చాలన్న ఆలోచన కొత్తది కాదు, దీన్ దయాళ్ కెమెరా పట్టుకుని తిరుగుతున్న రోజుల్లోనే ప్యారిస్ పోలీసు శాఖలో ఆల్ఫోన్స్ బెర్టియాన్ అనే గుమాస్తా నేరస్థుల తలలు, చెవులు, వేళ్ళు కొలిచి కార్డుల మీద ఎక్కించేవాడు. ఆ కొలతల పద్ధతి వేలిముద్రల ముందు నిలవలేకపోయింది. ఇవాళ్టి సాఫ్ట్‌వేర్ బెర్టియాన్ కన్నా ఎన్నో రెట్లు తెలివైనదే. కాని తండ్రీకొడుకుల దగ్గర తడబడుతుంది. 1980 ప్రాంతంలో ముప్ఫై ఏళ్ళ తండ్రి, మొన్న మొన్నటి ఫొటోలో ముప్ఫై ఏళ్ళ కొడుకు, ఇద్దరిదీ అదే ముక్కు, అదే మీసకట్టు. సాఫ్ట్‌వేర్ ఇద్దరినీ కలిపి ఒకే పేరు కింద వేస్తుంది. అదే తండ్రి ఇరవై ఏళ్ళప్పటి ఫొటోనూ అరవై ఏళ్ళప్పటి ఫొటోనూ మాత్రం ఇద్దరు మనుషులంటుంది. హెల్మెటు నీడ, పక్కకు తిరిగిన ముఖం, మసకబారిన స్కాను, వీటి సంగతి సరేసరి.

ఇందులో ప్రమాదం ఒక్క తప్పుతో ఆగకపోవడం. కొడుకు ముఖానికి తండ్రి పేరును ఒకసారి అవునని నొక్కారనుకోండి, ఆ క్షణం నుంచి ఆ ముఖం కూడా తండ్రికి నమూనా అవుతుంది. ఆ నమూనాతో పోల్చి ఇంకో పది ఫొటోలు తెచ్చి చూపిస్తుంది. తప్పు తప్పును పిలుస్తుంది. అందుకని మేము సాఫ్ట్‌వేర్ సూచించిన పేరు ఒక గడిలో, మనిషి చూసి చెప్పిన పేరు ఇంకో గడిలో వేరుగా ఉంచుతున్నాము. ఎవరు చెప్పారు, వాళ్ళు ఆ మనిషికి ఏమవుతారు, ఏ తేదీన చెప్పారు అన్నది కూడా రాస్తాము. కొన్నాళ్ళకొకసారి ఒక్కో మనిషి ముఖాలన్నీ ఏడాదుల వరుసలో ఒకే తెర మీద పరిచి చూస్తాము. విడివిడిగా చూసినప్పుడు కంటికి ఆనని తేడా వరుసలో పెట్టినప్పుడు పంటికింద రాయిలా తగులుతుంది. 1990 ఫొటోలో నెత్తి నెరిసిన మనిషికి 2005లో నల్ల జుట్టు వచ్చిందంటే, అయితే రంగన్నా వేసుకుని ఉండాలి, లేదా ఆయన కొడుకై ఉండాలి. తప్పు పేరు తీసేసి ఊరుకోకూడదు, ఈ ముఖం ఆయనది కాదని సాఫ్ట్‌వేర్‌కు చెప్పాలి, లేకుంటే మరునాడు మళ్ళీ అదే పేరు తెచ్చి ముందు పెడుతుంది.

ముఖం తేలినా పేరు తేలని చిక్కు ఇంకొకటి ఉంది. ఇది ఏ సాఫ్ట్‌వేర్ పుస్తకంలోనూ ఉండదు. మన బొగ్గుబాయిల ఊళ్ళలో మారుపేర్ల సంగతి తెలియని ఇల్లు లేదు. ఒకప్పుడు పని దొరికించుకోవడానికి ఇంకొకరి పేరు మీద చేరినవాళ్ళు ఎందరో. మస్టర్లో ఒక పేరు, ఊళ్ళో ఇంకో పేరు. షిఫ్టులో తోటివాళ్ళు పిలిచేది ఒకటి, ఇంట్లో తల్లి పిలిచేది ఒకటి. జీవితమంతా అట్లాగే సాగిపోయి, చివరికి వారసత్వ ఉద్యోగం దగ్గరికి వచ్చేసరికి కొడుకు సర్టిఫికెట్లో తండ్రి పేరుకూ బాయి కాగితాల్లో పేరుకూ పొత్తు కుదరదు. దాని మీద ఎన్ని కుటుంబాలు ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరిగాయో చెప్పడానికి ఈ వ్యాసం చాలదు. మరి ఫొటోలో ఆయన ముఖం కింద ఏ పేరు రాయాలి? రిటైర్మెంటు ఫొటోలో వెనక కట్టిన గుడ్డ మీద మస్టరు పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఆయన భార్యేమో అది తన భర్త పేరు కానే కాదంటుంది. ఇద్దరిలో ఎవరిదీ అబద్ధం కాదు. దీన్ దయాళ్ నెంబరు పద్ధతి మాకు దారి చూపింది ఇక్కడే. మనిషికి మొదట నెంబరు, ఆ నెంబరు కింద ఆయనకు ఉన్న పేర్లన్నీ. ఒక పేరు ఇంకో పేరును కొట్టెయ్యదు. ఒకే పేరుతో ముగ్గురు రాజయ్యలు ఉన్నా మూడు నెంబర్లు, ఒకే మనిషికి రెండు పేర్లు ఉన్నా ఒకటే నెంబరు. ఏ ఫొటోలో ఏ పేరు చూపాలన్నది ఆ ఇంటివాళ్ళ ఇష్టం.

హైదరాబాదులో దీన్ దయాళ్ చేసిన పనుల్లో నన్ను బాగా ఆకట్టుకున్నది 1892లో తెరిచిన జెనానా స్టూడియో. పరదాలో ఉండే స్త్రీలు పరపురుషుల ఎదుట కూర్చుని ఫొటో దిగరు. అందుకని ఎత్తైన గోడల మధ్య స్త్రీల కోసమే ఒక స్టూడియో పెట్టి, కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల మహిళకు దాన్ని అప్పగించారు. అక్కడ పనిచేసేవాళ్ళంతా ఆడవాళ్ళే. వ్యాపార దృష్టి ఉండి ఉండవచ్చు, తప్పేముంది. కాని ముఖాన్ని ఫొటో తీసే హక్కు, దాన్ని ఎవరు చూడాలో నిర్ణయించే హక్కు రెండూ ఒకటి కావని ఆయన గ్రహించారు. మా కాలనీలో కూడా కొందరు అమ్మలు ఫొటో దాచుకోండి బిడ్డా, పేరు మాత్రం నలుగురికీ కనిపించేట్టు పెట్టవద్దు అన్నారు. వాళ్ళ నెంబరు పట్టికలో ఉంటుంది, పేరు తాళం వేసిన చోట ఉంటుంది. పేరు సరిగా ఉండటం ఒక బాధ్యత, పేరును అవసరం లేని చోట పెట్టకపోవడం ఇంకో బాధ్యత. బతికి ఉన్నవాళ్ళ ముఖాలను వాళ్ళను అడగకుండా సాఫ్ట్‌వేర్‌కు నేర్పడం నాకు నచ్చని పని.

1894లో నిజాం ఆయనకు రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్ అనే బిరుదు ఇచ్చారు. ముసవ్విర్ అంటే చిత్రకారుడు. కత్తి పట్టినవాళ్ళకు ఇచ్చే జంగ్ అన్న మాటను కెమెరా పట్టిన మనిషికి తగిలించడం ఆ దర్బారు రసికతకు నిదర్శనం. 1893లో చికాగో నగరంలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఆయన చిత్రాలకు బహుమానం దక్కింది. విక్టోరియా రాణి ఫొటోగ్రాఫర్ అని చెప్పుకునే హోదా వచ్చింది. 1896లో బొంబాయిలో పెద్ద స్టూడియో పెట్టారు. కొడుకులు జ్ఞాన్ చంద్, ధరమ్ చంద్ వ్యాపారంలో చేరారు. ధరమ్ చంద్ తండ్రి కళ్ళ ముందే 1904లో పోయారు. మరుసటి ఏడు, 1905 జూలై 5న, దీన్ దయాళ్ కన్నుమూశారు. అప్పటికి కొడాక్ కంపెనీ వారి బ్రౌనీ కెమెరా వచ్చి అయిదేళ్ళయింది. అమెరికాలో దాని ధర ఒక్క డాలరు. ఫొటో తీయడం అందరి చేతికీ వచ్చింది, నెంబరు వేయడం అందరికీ అలవాటు కాలేదు.

ఇంత పొగిడాను గనుక ఒక మాట నిష్కర్షగా చెప్పాలి. దీన్ దయాళ్ పద్ధతి అందరికీ సమానంగా అందలేదు. నవాబు ముఖానికి పేరుంది, దొరకు, దొరసానికి పేర్లున్నాయి. పందొమ్మిదో శతాబ్దం చివర కరువు రోజుల్లో నిజాం ప్రభుత్వం చేపట్టిన సహాయ కార్యక్రమాలను కూడా ఆయన స్టూడియో ఫొటోలు తీసింది. ఆ బక్కచిక్కిన మనుషులకు పేర్లు లేవు. వేట ఫొటోలో చచ్చిన పులి పక్కన నిలబడ్డ పెద్దలెవరో తెలుస్తుంది, దాన్ని తరిమి తెచ్చిన వాళ్ళెవరో తెలియదు. ఆ కాలానికి అది తప్పుగా తోచి ఉండదు. డబ్బులిచ్చి ఫొటో దిగినవాడి పేరు పుస్తకంలోకి ఎక్కుతుంది, కూలికి వచ్చినవాడి పేరు ఎక్కదు. ఆ కాలం పోయి నూరేళ్ళు దాటినా మా దగ్గరికి వచ్చే ఫొటోల్లోనూ ఇదే తంతు. మీటింగు ఫొటోలో వేదిక మీది నాయకుల పేర్లు అందరికీ తెలుసు, కింద నేల మీద కూర్చున్న మూడొందల మందిలో ముప్ఫై మంది పేర్లు దొరికితే గొప్ప. సాఫ్ట్‌వేర్ కూడా బాగా వెలుతురు పడ్డ వేదిక ముఖాలనే ముందు పట్టుకుంటుంది.

ఆయన పోయాక ఎంతో కాలం ఆ గాజు పలకలు కుటుంబంలో నిలిచాయి. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం 2,857 గాజు నెగెటివ్‌లను సేకరించింది. 2006లో తపాలా శాఖ ఆయన పేరిట స్టాంపు వేసింది. 2010లో ఢిల్లీలో పెద్ద ప్రదర్శన జరిగింది. 2013లో దీపాలీ దేవన్, డెబొరా హట్టన్ అనే ఇద్దరు కళా చరిత్రకారులు ఆయన మీద సమగ్రమైన పుస్తకం తెచ్చారు, టొరంటోలోని రాయల్ ఆంటారియో మ్యూజియంలో ప్రదర్శన కూడా జరిగింది. గాజు పగిలే వస్తువు, తేమకు మందు లేచిపోయే వస్తువు. అన్నేళ్ళు నిలిచినవి ఉన్నాయంటేనే ఆశ్చర్యం. నిలిచినవాటిలో నెంబరు ఉన్నవి మాట్లాడతాయి. అంచు విరిగి నెంబరు పోయిన పలకలో ముఖం ఎంత స్పష్టంగా ఉన్నా, కనుబొమ్మల వెంట్రుకలు లెక్కపెట్టగలిగినా, ఆయనెవరో పక్కన ఇంకో ఆధారం దొరికేదాకా ఎవరూ చెప్పలేరు.

ఇవాళ ఆ ముఖాలను సాఫ్ట్‌వేర్‌కు ఇచ్చి పోల్చమంటే పని తేలికవుతుంది కదా అని మా క్లాసులో ఒక మిత్రుడు అన్నాడు. పోల్చడం వరకు తేలికే. పేరున్న ఒక ఫొటోతో పేరులేని ఫొటోను పక్కపక్కన పెట్టి, వీళ్ళిద్దరూ ఒకరే కావచ్చునని అది చెప్పగలదు. కాని కావచ్చు అన్న మాటను అవును అని రాయడానికి ఇంకేదో కావాలి. దుస్తులు, కుర్చీ, వెనక తెర, నెంబర్ల వరుసలో దాని ముందు వెనక ఏమున్నాయి, ఇవన్నీ చూడాలి. ఒకే రోజు తీసిన పలకలకు నెంబర్లు పక్కపక్కనే పడతాయి. రెండు నెంబర్ల మధ్య పోయిన నెంబరు ఎవరిదో ఒక్కోసారి అలా తేలుతుంది. మేము కూడా ఒకే సంచిలోంచి వచ్చిన ఫొటోలకు వరుస నెంబర్లే వేస్తున్నాము, ఏ ఇంటి నుంచి ఏ కవరులో వచ్చాయో విడదీయడం లేదు. సాఫ్ట్‌వేర్ ముఖం పోల్చలేని చోట కవరు పోల్చి పెడుతుంది.

పేరు దొరకని ముఖాన్ని ఏం చేయాలన్నది మాలో మేము చాలా వాదించుకున్న విషయం. సాఫ్ట్‌వేర్ ఖాళీని ఇష్టపడదు, దగ్గరగా ఉన్న పేరేదో తెచ్చి పెట్టమంటూనే ఉంటుంది. పక్కింటివాళ్ళు కూడా అంతే, ఫలానా ఆయనలా ఉన్నాడు, అదే రాయండి అంటారు. చివరికి ఒక కట్టుబాటు చేసుకున్నాము. ఆ మనిషిని ఎరిగిన ఇద్దరు, ఒకరినొకరు అడగకుండా, వేర్వేరుగా ఒకే పేరు చెబితేనే పేరు. ఒక్కరే చెబితే పక్కన ప్రశ్నార్థకం. ఎవరూ చెప్పకపోతే నెంబరు ఒక్కటే, పేరు గడి ఖాళీ. ఖాళీ గడి చూసి రేపు ఎవరైనా అడుగుతారు, తప్పు పేరు చూసి ఎవరూ అడగరు.

ఈ సంచిక చదివే పూర్వ విద్యార్థుల్లో మందమర్రి, రామకృష్ణాపూర్, శ్రీరాంపూర్, గోదావరిఖని వైపు వాళ్ళు ఎందరో ఉన్నారు. ఈసారి ఇంటికి వెళ్ళినప్పుడు ట్రంకు పెట్టెలోని ఫొటోలు బయటికి తీయండి. ముందు వైపు స్కాన్ చేసేటప్పుడు వెనక వైపు కూడా చేయండి, స్టూడియో ముద్ర, పెన్సిల్ రాత, తేదీ ఏముంటే అది. ఆల్బంలోంచి పీకేముందు అది ఏ పేజీలో, ఏ ఫొటో పక్కన ఉందో ఒక ఫొటో తీసి పెట్టుకోండి. అవ్వనో తాతనో పక్కన కూర్చోబెట్టుకుని ఎడమ నుంచి కుడికి ఒక్కొక్క ముఖం మీద వేలు పెట్టి అడగండి, చెప్పేటప్పుడు మధ్యలో మీరు పేర్లు అందించకండి. మా దగ్గర ఒక గేట్ మీటింగు ఫొటో ఉంది, ముందు వరుసలో పన్నెండు మంది. పదకొండు మంది తేలారు. ఎడమ నుంచి నాలుగో మనిషి, మెడలో తువ్వాలు, చేతిలో టిఫిన్ క్యారియర్, ఎండకు కళ్ళు చికిలించి చూస్తున్నాడు. సాఫ్ట్‌వేర్ ఆయనకు ఇప్పటికి మూడు పేర్లు సూచించింది, ఆ మూడు ఇళ్ళవాళ్ళూ కాదన్నారు. ఈ సంచికతో పాటు ఆ ఫొటోను యూనియన్ ఆఫీసు నోటీసు బోర్డులో పెడుతున్నాము, అడుగున నెంబరు ఉంటుంది.